డయోడులు ఇంకా రాలేదు

కామారెడ్డి పాత బస్టాండు వెనక ఘనీ రిపేరు దుకాణం. బల్ల మీద తిరుపతి తన గిటారుకు వాడే పాత ట్యూబుల యాంప్లిఫయర్ వీపు తెరుచుకుని ఉంది. తిరుపతి భార్య నిరోష దాని మీదికి వంగి చూస్తోంది.

“చెయ్యి పెట్టకు బిడ్డా. ప్లగ్గు పీకినా లోపల కరెంటు దాక్కొని ఉంటది.”

“పెడ్తలేను చాచా. ఇంతకీ దీనికి ఏమైందని చెప్పినవ్ ఆయనకు?”

“డయోడులు కాలినయ్. ఇంట్ల కరెంటు అటిటు ఊగుతది గద, దాన్ని ఒక్క దిక్కు నడిపిచ్చేటియి. అవి పోతె ఈ డబ్బ నోరు లేవది.”

“ఎంతుంటయ్?”

“బియ్యపు గింజకన్న జర పెద్దగ.”

“గంతదానితోని మా గల్లంత నిమ్మళమయ్యింది.”

“ఏమన్నవ్?”

“ఏం లే. దొరికినయా మరి?”

“ఏంది?”

“డయోడులు.”

“ఆ… డయోడులు. రాలే ఇంక. చూస్తున్న.”

“రాకుంటె ఏంకాదు. అంటె, తొందర లేదంటున్న. ఆయన పాతకాలపుయే కావాలంటడు గద. కొత్తయి ఏస్తె సౌండుల వెచ్చదనం పోతదట. వెచ్చదనం అంటె ఏంది చాచా?”

“డబ్బ వేడెక్కుతది బిడ్డా. నాకు తెల్సింది గదే.”

“ఫోన్ల ఎవరో కండ్లు మూసుకొని ఒక్క తీగ మీటుతడు. కింద కామెంట్లల వెయ్యిమంది కొట్లాడుతరు, ఏ డయోడుకు ఎంత తీపి ఉన్నదని. ఈయన అందరికి జవాబు రాస్తడు. మరి నువ్వు వాయించరాదు అంటె, డబ్బ బాగైనంక అంటడు.”

“కళాకారుడు బిడ్డా.”

“ఆయన వాయించంగ ఇన్నవా నువ్వు?”

“చాయ్ తాగుతవా?”

“ఇన్నవన్నట్టే.”

“అట్ల కాదు…”

“దాచుడెందుకు చాచా. ఐతారం ఎల్లారెడ్డిల మా చెల్లె హారిక రిసెప్షన్. స్టేజి మీద నేనే వాయిస్త అని ఈయన చుట్టాలందరికి చెప్పిండు. పోయినసారి మా వోళ్ల తొట్టెల ఫంక్షన్ల వాయిస్తె, ఆ సౌండుకు వైరింగు కాలుతుందనుకొని మా మేనమామ ఉరికిపోయి మెయిను బందు వెట్టిండు. నీకు దండం వెడ్త, ఐతారం దాంక ఇది బాగ చెయ్యకు.”

“అబద్ధం చెప్పమంటవా?”

“ఆలస్యం చెయ్యమంటున్న.”

“మీ ఎదురింటి విమలమ్మ గూడ వచ్చింది. ఆమె అస్సలుకే చెయ్యొద్దన్నది. సొరకాయ ఇచ్చింది.”

“నువ్వేమన్నవ్?”

“సొరకాయ తీస్కున్న.”

“మరి గివేంది? లోపల కొత్తగ మెరుస్తున్నయ్. టంకం గూడ మొన్ననే ఏసినట్టున్నది.”

“యాడ?”

“గీడ. నల్లగ, తెల్లగీతతోని.”

“…డయోడులు.”

“రాలేదంటివి?”

“సోమారమే ఏసిన. మంచిగ పల్కుతుంది.”

“మరి రాలేదని ఎందుకు చెప్తున్నవ్? విమలమ్మ చెప్పుమన్నదా?”

“ఆమె కాదు.”

“మరెవరు?”

“మీ ఆయన.”

“మా ఆయనా?”

“బాగైందని ఫోన్ చేస్తె వచ్చిండు. ఇని, దుకాణం షట్టరు సగం దించిండు. మరదలు అడిగిందట, బావా నువ్వే వాయించాలె అని. కాదంటె నిరోష చిన్నబోతదని సై అన్నడట. ఇప్పుడు స్టేజి యాదికొస్తె వేళ్లు కొంకర్లు పోతున్నయట. ఐతారం దాంక రాలేదని చెప్పు చాచా, నా ఇజ్జత్ నీ చేతుల ఉన్నదన్నడు.”

“నేను చిన్నబోతనని ఒప్పుకున్నడా…”

“ఏడుస్తున్నవా బిడ్డా?”

“లేదు. ఇది షేరింగు ఆటోల పడ్తదా?”

“పడ్తది. ఎటు?”

“ఎల్లారెడ్డికి. మెయిను బోర్డు కాడ నేను నిలవడ్త. ఎవడు బందు వెడ్తడో చూస్త.”