ఏడో పట్టీ లెక్క

చింతామణి బస్టాండు పక్కన అక్కయమ్మ టీ అంగడిలో బయ్యప్ప పొద్దున్నుంచీ కూచోనుండాడు. సాదలి నుంచి వచ్చినాడు. పొలం మీద కొత్తగా పెద్ద కరెంటు లైను పోయింది. దాని కిందనే పట్టుపురుగులకు ఇల్లు కట్టాలని ముందే రాళ్లు దించినాడు. కట్టొచ్చునా కూడదా అని కరెంటాఫీసులో అడిగితే కన్నడంలో ‘నాళె బా’ అని రేపటికీ ఎల్లుండికీ తిప్పినారు. కరెంటు లెక్కలు తెలిసినోడు ఆదినారాయణప్ప అని ఎవరో చెప్తే ఈడికొచ్చినాడు. ఆ మహానుభావుడు కథ ఎత్తుకున్నాడు, దించడం లేదు.

“బెంగుళూరులో నేను చేసింది చిన్న పనేలే అక్కయమ్మా. కాగితమంతా గళ్లు. ఒక్కో గడిలో కరెంటు జోరు ఎంతుందో రాయల్ల. చుట్టూ నాలుగు గళ్లు కూడి నాలుగుతో భాగిస్తే నడిమి గడి. ఒకటి మారిస్తే పక్కది మారతాది, మళ్లా తుడుపు, మళ్లా రాయి. అందరికీ నెల పట్టేది. నేనేం చేసినానో తెలుసునా? పది పెంచాల్సిన చోట పద్దెనిమిది పెంచేది! లెక్క దడుచుకోని మూడు దినాల్లో కుదురుకునేది.”

“అబ్బో” అనింది అక్కయమ్మ గ్లాసులు కడుగుతా.

“అబ్బో ఏముందమ్మా, ఇంకా విను. రబ్బరు పొట్టు మోకాలి దాకా లేస్తే రెండెద్దుల బండ్లు పెట్టి తోలించినారు. కాగితం చాలక గోడల మీద, గోడలు చాలక నంది కొండ మీద గళ్లు కొట్టించినారు. నేను కింద నిలబడి కేకేస్తే పైన అంకెలు మారేవి. ఆ తర్వాత ఏమైందో తెలుసునా? ఇంగ్లీషోళ్ల సీమ నుంచి కంప్యూటరు తెచ్చినారు, ఇంత ఇల్లంత. దానికీ నాకూ పోటీ! నేను ముగించి, రాగిముద్ద తిని, చెయ్యి కడుక్కోని వస్తే అది ఇంకా పొగ కక్కతాండాది. పాపమని మిగిలింది నేనే చేసిచ్చినా.”

బయ్యప్పకు నడుం లాగతాంది. నవ్వే ఓపిక గూడా లేదు. కాగితమూ పెన్సిలూ ముందర పెట్టినాడు.

“అప్పా, కొండ సంగతి పక్కన పెట్టు. మా ఇంటి ఆడోళ్లు, బిడ్డలు పురుగులకు ఆకేస్తా పొద్దంతా ఆ తీగ కిందనే ఉంటారు. వాళ్లకేమీ కాదు గదా? లెక్కేసి చెప్పు.”

ఆదినారాయణప్ప గళ్లు గీసినాడు. ముత్యాల మాదిరి గీసినాడు. ఆనక పెన్సిలు ఆగిపోయింది.

“ఏమప్పా?”

“అంచుల్లో ముందు ఏమి రాయాల్నో...”

“ఆడ ఎట్ల రాస్తాంటివి?”

“రాసే ఇచ్చేవాళ్లు. గళ్ల కాగితాన్ని పట్టీలుగా కోసి పన్నెండు మందికి తలా ఒకటి. నాది ఏడోది.”

“ఆ లెక్క తీగకా, గుంజకా? దేనికి?”

ఆదినారాయణప్ప పెన్సిలు కింద పెట్టినాడు. “చెప్పలేదు బయ్యప్పా. ఆరేండ్లు చేసినా. నేనూ అడగలేదు. యంత్రం వచ్చినాక ఇంటికి పొమ్మన్నారు.”

బయ్యప్పకు కోపమూ వచ్చింది, అయ్యో అనీ అనిపించింది. “మరి నా ఇల్లు?”

“కట్టొద్దప్పా. నాకు తెలీదు, అందుకే కట్టొద్దంటాండా. రాళ్లు అవతలికి మోయించు.”

పొద్దున్నుంచీ విన్నదాంట్లో బయ్యప్పకు నమ్మబుద్ధయింది ఈ మాట ఒక్కటే. అన్ని రాళ్లూ మళ్లా ఎత్తల్ల గదా దేవుడా అనుకుంటా లేచి, సాదలి బస్సు ఎప్పుడని అక్కయమ్మను అడిగినాడు.