లక్‌పతి తీర్చిన ఫిర్యాదులు

ఆదివారం పొద్దున పది కాకముందే బాన్సువాడలో ఎండ మండిపోతోంది. బస్టాండు ఎదురుగా భాగ్యవతి చాయ్ కొట్టు. మోటార్ వైండింగ్ షాపు లక్‌పతి వచ్చి బెంచీ నడిమధ్యన కూర్చున్నాడు. అతను మధ్యలో కూర్చున్నాడంటే మిగతావాళ్లు అంచులకు జరగాలి, చాయ్ అయ్యేదాకా వినాలి. ఆ రోజు దొరికిపోయినవాళ్లు ఇద్దరు. మోటారు బాగుచేయించుకోవడానికి వర్ని నుంచి వచ్చిన రైతు వెంకటనారాయణ, పిట్లం బస్సు కోసం చూస్తున్న లెక్కల టీచరు సంగీత. ఇద్దరూ లక్‌పతి నడిపే క్రికెట్ లీగులో సభ్యులే.

"భాగ్యక్కా, నీకు మా లీగు సంగతి తెల్వది గద, చెప్త ఇను," అని మొదలుపెట్టాడు. "పన్నెండు మందిమి. మ్యాచ్ షురువు గాకముందే ఒక్కొక్కలం పదకొండు మంది ఆటగాళ్ల పేర్లు రాసి ఫోన్ల గ్రూపుల పెడ్తం. వాళ్లు గాడ పరుగులు కొడ్తె, వికెట్లు తీస్తె, గీడ మనకు మార్కులు. పైసల ముచ్చటే లేదు. సీజన్ అయిపోయినంక ఫస్టొచ్చినోళ్ల ఫోటో ఫ్లెక్సీ ఏసి గీ బస్టాండు ముంగట కడ్తం. ఇగ మార్కులేసుడు, రూల్స్ పెట్టుడు, ఫిర్యాదులు తీర్చుడు, అన్నీ నేనే. కమిషనర్ అంటరు దాన్ని."

"నిన్నెవలు పెట్టిండ్రే కమిషనర్‌గ?"

"నేనే పెట్టుకున్న. గంత బరువు ఇంకెవలు మోస్తరక్కా?"

భాగ్యవతి చాయ్ వడకడుతూ ఊఁ అంది.

"మొదటి ఫిర్యాదు గీ సారుదే. చిన్నదే లే. ఏడున్నరకు మ్యాచ్ అయితే ఏడూ ఇరవై అయిదుకు టీం మార్చి పంపిండు. నేను సూడలే, పాత టీముకే మార్కులేసిన. వేరేటోడైతే ఏం జేస్తుండె? కొట్లాటకు దిగుతుండె. నేను ఫోన్ జేసి ఒక్కటే మాట అడిగిన. 'సారూ, మీ గడియారం ముందుకున్నదా, నాది ఎనుకకున్నదా?' గంతే. సారుకు కండ్లల్ల నీళ్లు తిరిగినయి."

"ఫోన్ల కండ్లెట్ల కనవడ్డయి?"

"కనవడలే, ఇనవడ్డయి. కన్నీళ్లు కారుతుంటే సన్నగ సప్పుడొస్తది, గమనించాలె."

"ఆ రోజు నాకు జలుబు చేసిందండి," అన్నాడు వెంకటనారాయణ, చాయ్ గ్లాసులోకి చూస్తూ.

"ఆ తర్వాత ఏమైందో ఎరికేనా? గీ మేడం పెట్టింది రెండోది. ఒకడు రనౌట్ అయిండు. బంతి ఇసిరినోడు మేడం టీముల ఉన్నడు, దాన్ని అందుకొని వికెట్లకు కొట్టినోడు మా లీగులనే ఉన్న సాయికిరణ్ టీముల ఉన్నడు. మార్కులు నేను సాయికిరణ్‌కేసిన. మేడం ఒప్పుకోలే. ఇగ టీవీ ముంగట కూసున్న సూడు! గా ఒక్క బంతినే మూడు వందల సార్లు తిప్పి తిప్పి సూసిన. టీవీ గింత ఎర్రగ కాలింది. మా ఇంటామె ఊకుంటదా? పిండి పిసికి దాని మీదనే రొట్టెలు కాల్చింది."

"మీ టీవీ గోడకు తగిలిచ్చిందే గద," అంది భాగ్యవతి. "రొట్టెలు జారి పడవా?"

"తందూరు రొట్టె ఎట్ల కాలుస్తరక్కా? నిలువుగనే గద. మూడు వందల ఒకటోసారికి బంతి మీద ఇసిరినోని వేలిముద్ర కనవడ్డది. బొటనవేలిది! గప్పుడు తీర్పు చెప్పిన. ఇసిరినోనికి సగం, కొట్టినోనికి సగం."

"నాకైతే సగం రాలే అన్నా," అంది సంగీత.

"వస్తది మేడం. తీర్పు వేరు, అమలు వేరు. కోర్టులల్ల సూస్తలేరా?"

సంగీత బస్సు వస్తుందేమోనని రోడ్డువైపు చూసింది.

"ఇగ గా తీర్పు సంగతి పిట్లం పాయె, బోధన్ పాయె, అటు మహారాష్ట్రల దెగ్లూర్ దాక పాయె. పొద్దుగాల షటర్ లేపి సూస్తె లైను. అన్ని ఊర్ల లీగులోళ్లు, వాళ్ల వాళ్ల ఫిర్యాదులు పట్టుకొని! లైను మొదలు నా షాపు కాడ, తోక నిజాంసాగర్ కట్ట మీద. ఎనుకున్నోళ్లు ముందుకొచ్చేతందుకు రెండు బస్సులేసిండ్రు అక్కా, ఉత్తగనే కాదు."

"లైన్ల ఉన్నోళ్లు బస్సెక్కి ముందుకొస్తే లైను తప్పినట్టు గాదా?"

"గా ఫిర్యాదు గూడ తీర్చిన. దెగ్లూరోళ్లు 'భావూ, భావూ' అని, అంటే అన్నా అన్నా అనుకుంట మీదవడ్డరు. గడగడ మరాఠీల జవాబు చెప్పిన."

"నీకు మరాఠీ ఎప్పుడొచ్చె?"

"గప్పుడే వచ్చింది. అవసరమున్నప్పుడు రాకపోతే ఇంకెందుకు? కుడిచేత్తో ఒక తీర్పు, ఎడమచేత్తో ఒక తీర్పు. పగటాల్ల బువ్వ తినేయాల్లకు నాలుగు వేలు తీర్చిన. ఒక్కడు గూడ ముఖం మాడ్చుకొని పోలే. కొందరైతే మళ్లీ ఫిర్యాదు తెచ్చుకుంటమని ఇండ్లకు పోయి ఉన్న లీగులల్ల కొట్లాటలు పెట్టుకున్నరు."

వెంకటనారాయణకు నవ్వు వచ్చి చాయ్ పొలమారింది. లక్‌పతి అతని వీపు నిమిరాడు. ఆ నవ్వును మెచ్చుకోలు అనుకున్నాడు.

"ఇప్పుడు అసలుది చెప్త. ఆస్ట్రేలియాల పెద్ద మ్యాచ్ నడుస్తుంది. ఒకడు బంతిని ఆకాశానికి లేపిండు. అంపైరుకు డౌటు, గది నోబాలా, మంచి బాలా అని. నోబాలైతే క్యాచ్ పట్టినా ఔటు గాదు. ఏం జేస్తడు? జేబుల నుంచి ఫోన్ తీసి నాకు కొట్టిండు. నేను గీ బెంచీ మీదనే, గీ జాగలనే చాయ్ తాగుతున్న. 'ఆగు తమ్మీ, చాయ్ సల్లారుతది' అన్న."

"మరి బంతి?"

"గాల్లనే ఆగింది."

"కింద పడలేదాండీ?" అన్నాడు వెంకటనారాయణ.

"నేను చెప్పకముందే ఎట్ల పడ్తది సారూ? ఇరవై నిమిషాలు గట్లనే ఉన్నది. కింద క్యాచ్ పట్టేటోడు చేతులు చాపి నిలవడ్డడు. వానికి ఆకలైతే పక్కోడు అరటిపండు ఒలిచి తినిపిచ్చిండు. ఒక పిట్టొచ్చి బంతి మీద కూసొని పోయింది. చాయ్ తాగి, మూతి తుడుసుకొని, 'మంచి బాలే' అన్న. టప్పున పడ్డది, వాడు పట్టిండు. స్టేడియంల లక్షమంది లేచి నా పేరు... ఆ, నోరు తిరగక 'లక్కీ, లక్కీ' అన్నరు. టీవీల రాలే గది. నేనే వద్దన్న."

"ఎందుకు తమ్మీ?"

"ఇగ షాపు నడవద్దా అక్కా? నీకు నమ్మకం లేకపోతే గీ ముక్క ఇను. ఇంతకుముందు మా గ్రూపుల దినాం ఇరవై ఫిర్యాదులు. ఇప్పుడు పదకొండు దినాలైంది, ఒక్కటి లేదు. ఒక్కటంటే ఒక్కటి! అందరు గంత సల్లగున్నరు. మీదికెల్లి పదకొండు దినాల సంది నేనే ఫస్టు. ఎవలన్న కుళ్లుకున్నరా? లేదు. ఇగో, సాక్షులు పక్కనే ఉన్నరు. సారూ, మీరే చెప్పున్రి. ఏమన్న ఫిర్యాదు ఉన్నదా మీకు?"

వెంకటనారాయణ గ్లాసు కింద పెట్టాడు. మళ్లీ చేతిలోకి తీసుకున్నాడు. అబద్ధం చెప్పడం చేతకాని మనిషి, నిజం చెప్పే ధైర్యం కూడా అంతగా లేదు.

"ఫిర్యాదు అంటే... లేదండి. ఇప్పుడు మేం వేరే గ్రూపులో ఉన్నాం కదండీ."

"మేమంటే?"

"అందరం అండి. మీరు కాక మిగతా పదకొండు మందిమీ."

లక్‌పతి సంగీత వైపు తిరిగాడు. బస్సు ఇంకా రాలేదు, ఆమెకు తప్పించుకునే దారి లేదు.

"నిజమే అన్నా," అంది ఆమె. "కొత్త లీగు పెట్టుకున్నం. పాతదాంట్ల నుంచి ఎవ్వరం బయటికి పోలే. పోతే మీకు తెలుస్తది, బాధైతదని సార్ అన్నరు. సప్పుడు జెయ్యకుంట ఉన్నం."

"మరి నేను దినాం మార్కులేసి పెడ్తున్న గద!"

"టీం పంపకుంటే పాత టీమే నడుస్తదని మీరే రూలు పెడ్తిరి. మా టీములల్ల సగం మంది దెబ్బలు తాకి ఇండ్లల్ల పండిండ్రు అన్నా. వాళ్ల మీద మీరు గెలుస్తున్నరు."

"ఒక్కనివే ఆడుకుంటే ఫస్టు గాక ఇంకేమైతవు తమ్మీ," అంది భాగ్యవతి. చాయ్ చల్లారిందని అతని గ్లాసు తీసుకొని ఇంకోటి పోసింది.

బెంచీ మీద ఇద్దరు కూర్చునేంత ఖాళీ ఏర్పడింది. లక్‌పతి నడిమధ్య నుంచి ఎప్పుడు పక్కకు జరిగాడో ఎవరూ చూడలేదు.

"గంత ఏం జేసిన నేను?" అన్నాడు చివరికి.

"పదకొండు మందిల కెప్టెన్‌గ పెట్టుకున్న ఆటగానికి రెట్టింపు మార్కులు గద అన్నా. మ్యాచ్ మొదలై ఆరో ఓవర్ నడుస్తుంటే మీరు మీ కెప్టెన్‌ను మార్చుకున్నరు. నేను మూడుసార్లు రాసిన. మీరు మూడుసార్లు దండం బొమ్మ పెట్టిండ్రు. సార్ రాస్తే బొటనవేలు బొమ్మ పెట్టిండ్రు. ఒక్కటి గూడ చదవలే." ఆమె గొంతులో కోపం కన్నా అలసట ఎక్కువగా ఉంది. "ఇప్పుడు మా దాంట్ల ఫిర్యాదొస్తే ముగ్గురం కూసొని చూస్తం. ఎవల టీం మీద ఫిర్యాదుంటే వాళ్లు కూసోరు. ఒక్క దినంల జవాబు చెప్తం. గంతే, పెద్ద పనేం గాదు."

లక్‌పతి మెడ మీది తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. "గా కొత్త గ్రూపు పెట్టుమని నేనే సార్‌కు సైగ జేసిన..." అని మొదలుపెట్టి, వెంకటనారాయణ ముఖం చూసి ఆపేశాడు.

"సరే. నన్ను గూడ చేర్చుకోన్రి. కమిషనర్‌గ కాదు, ఉత్తగనే."

"ముగ్గురం మాట్లాడుకొని రేపు ఈ యాల్లకు చెప్తం అన్నా."

"రేపా? ఇయ్యాల ఏడున్నరకు మ్యాచ్ ఉన్నది! గింత లేటు జేస్తరా? గిదేం పద్ధతి, గిట్లనేనా లీగు నడుపుడు?"

"మీ ఫిర్యాదు రాతల పెట్టున్రి," అంది సంగీత, నవ్వు ఆపుకుంటూ.

పిట్లం బస్సు మలుపు తిరిగి హారన్ కొట్టింది. ఆమె సంచి భుజాన వేసుకొని లేచింది. లక్‌పతి ఫోను తీసి, అరచేయి అడ్డం పెట్టి ఎండ పడకుండా చూసుకొని, ఒక్క వేలితో మెల్లగా అక్షరాలు నొక్కడం మొదలుపెట్టాడు. రెండు మాటలు రాసి తలెత్తాడు.

"మేడం," అని బస్సు మెట్టెక్కుతున్న ఆమెను పిలిచాడు. కొట్టు మొత్తం వినేలా మాట్లాడే మనిషి ఈసారి సన్నగా అడిగాడు. "రాస్తే నిజంగ సదువుతరా?"

"సదువుతం అన్నా," అంది సంగీత.