ఏడో నంబరు రిపోర్టు

బడిపిల్లల మనస్తత్వశాస్త్రంలో ఎం.ఎ. చదివే ఎనిమిదిమందికి ఆ రోజు ప్రాక్టికల్ పరీక్ష. చదువులో వెనకబడ్డ పిల్లవాడి తల్లితో మాట్లాడి, రిపోర్టు రాయాలి. తల్లి వేషం ఎప్పటిలాగే ఆఫీసు టైపిస్టుది. పరీక్ష అయిపోయింది. ప్రొఫెసరుగారు మార్కులు వేస్తున్నారు, టైపిస్టు ఎదురు కుర్చీలోంచి కదలడం లేదు.

"సున్నానా? ఏడో నంబరుకి సున్నా ఏంటి సార్!"

"అంతకంటే తక్కువ వేసే వీల్లేక."

"కుర్రాడు అంత చక్కగా మాట్లాడితేను!"

"మార్కులు వేసే పని నీకెవరు ఇచ్చారమ్మా? వేషం అయిపోయిందిగా, టీ తాగి వెళ్లు."

"తాగేశాను. ఆ మూడో నంబరు అమ్మాయికెంత?"

"తొంభై రెండు."

"తొంభై రెండే! ఒక్కసారైనా నా మొహం చూసిందా సార్ ఆ పిల్ల? కాయితం చూసి గడగడా అప్పజెప్పింది. 'మీ అబ్బాయి పర్సంటైల్ పదహారండీ' అంది. పదహారంటే మంచిదా చెడ్డదా తల్లీ అంటే, మళ్లీ పదహారే అంది."

"సరే, రెండు తగ్గిస్తాలే."

"ఐదో నంబరైతే, నేనటు ఏడుస్తుంటే ఇటు గడియారం చూసుకున్నాడు."

"నువ్వు మాత్రం తక్కువా? కళ్లు తుడుచుకోమని రాసిస్తే ముక్కు చీదావు. అద్దం అవతల కూర్చుని మైకులో వింటున్న నాకే అదిరిపోయింది."

"పదేళ్లనుంచి వేస్తున్నాను సార్. ఎక్కడ చీదాలో నాకు తెలుసు. ఆ సున్నా సంగతి చెప్పండి."

"చెప్తా విను. ఫైల్లో ఉన్నదెవరు? తొమ్మిదేళ్ల మగపిల్లాడు. లెక్కలు రావు, తోటిపిల్లల్ని బాదుతాడు. అవునా?"

"అవును. నేనే కదా టైపు చేసింది."

"వీడేం రాశాడు? 'ఏడేళ్ల పాప. ఎవరినీ కొట్టదు. క్లాసులో నోరెత్తదు.' మగపిల్లాడు ఆడపిల్ల ఎలా అయ్యాడు?"

"ఏదో కంగారులో..."

"కంగారా? ఇంకా ఉంది. 'చీమలంటే ప్రాణం. చీమలబారు గురించి అరగంట చెప్పగలదు.' చీమలెక్కణ్ణుంచి వచ్చాయమ్మా నా ఫైల్లోకి?"

"చీమలు ఎక్కడికైనా వస్తాయి కదండీ."

"వేళాకోళం చాలు. ఇది విను. 'పాఠం ధారాళంగా చదువుతుంది. కానీ పొరపాటున రెండు పేజీలు కలిపి తిప్పినా ఆగదు, వదిలేసిన పేజీ కూడా చదివేస్తుంది.' అలా ఎవరైనా చదువుతారా? 'అంటే చదవడం లేదు, విన్నది కంఠతా పట్టింది. అక్షరాలు పోల్చుకోలేకపోవడం వల్ల కావచ్చు. పరీక్ష చేయించేదాకా కింది క్లాసుకి పంపకూడదు.' కథలల్లుతున్నాడు! వీణ్ణి పాస్ చేసి బళ్లో కూర్చోబెడితే ఎంతమంది పిల్లల కొంప ముంచుతాడో."

"అల్లలేదు సార్."

"నీకేం తెలుసు?"

"ఎదురుగా కూర్చున్నది నేనే కదా."

"నేనూ వినేవాణ్ణే. సరిగ్గా వాడు మాట మొదలెట్టగానే మైకు మూగబోయింది. వైరు ఊడిందట."

"ఊడలేదు. పీకాను."

"ఏంటీ?"

"నేనే పీకాను సార్. ఆ అబ్బాయి వచ్చీరాగానే 'పొద్దుట్నుంచి కూర్చున్నారు, మంచినీళ్లు తాగుతారా' అన్నాడు. తర్వాత 'మీ బిడ్డకి ఏమంటే ఇష్టం?' అన్నాడు. మీరు రాసిచ్చిన కాయితంలో ఇష్టాల సంగతి లేదు సార్. ఎనిమిది పేజీలుంది, ఒక్క ఇష్టం లేదు."

"అయితే?"

"నాకేం తోచలేదు. చటుక్కున వైరు పీకి, చీమలు అనేశాను. అంతే, ఇంక నోరు ఆగలేదు. అంతా చెప్పేశాను. ఆ అబ్బాయి ఫైలు మూసేసి, 'ఈ పాపకి రాయమంటారా?' అన్నాడు."

"ఫెయిలవుతాడని వాడికి తెలుసా?"

"తెలుసు. 'సప్లిమెంటరీ ఉంటుందిలెండి' అన్నాడు."

"ఇంతకీ ఎవరమ్మా ఈ పాప?"

"రేపు పదింటికి బళ్లో మీటింగు సార్. దాన్ని మళ్లీ ఒకటో క్లాసులో కూర్చోబెడతారట. బద్ధకమట. ఈ రిపోర్టు పట్టుకెళ్లి వాళ్ల ముందు పెట్టాలి. మీ సంతకం కూడా ఉంటే..."

"ఆగాగు. మీ పాపా? మీ పాపకి చదువు రాకపోవడమేంటి? మొన్న ఈ గదిలోనే, ఈ బల్ల మీదే కూర్చుని మొత్తం పాఠం చదివి వినిపించలేదూ? చాక్లెట్ కూడా ఇచ్చాను!"

"ఇచ్చారు సార్."

"ఎక్కడా తడుముకోలేదు. పేజీ... పేజీలు..."

"రెండు కలిపి తిప్పింది. మీరూ చూశారు, నేనూ చూశాను."

"వదిలేసిన పేజీ కూడా చదివేసింది."

"ఇద్దరం చప్పట్లు కొట్టాం."

"ఆ కలం ఇలా ఇవ్వమ్మా. ముందు సంతకం చేసి, ఆ సున్నా కొట్టేస్తాను."

"సంతకం చెయ్యండి సార్. సున్నా మాత్రం ఉంచండి, ఆ అబ్బాయికి బదులు మనిద్దరం చెరిసగం తీసుకుందాం."