నిద్రలేని దివాణానికి పనికెళ్ళిన పేరిందేవి

పేరిందేవికి నోట్లో మాట నోట్లోనే ఉండిపోయేదంట. చేతులు మాత్రం చెప్పుకోవాలమ్మా. పురుడు పోయడంలో ఆ లంకల్లో అంత హస్తవాసి ఇంకెవరికీ లేదనుకో. బిడ్డ అడ్డం తిరిగినా, తల్లి సొమ్మసిల్లినా, ఆ చెయ్యి పొట్టమీద పడిందంటే దారి దొరికేదంట. ఏం లాభం? ఆ ఏడు గోదారి తల్లి ఊళ్ళోకొచ్చి ఇల్లూ గాదే ఊడ్చుకుపోయింది. మొగుడు తెప్పలు తోలడానికి ఎగువకి పోయాడు, ఇంకా రాలేదు. ముగ్గురు పిల్లలు. వదినగారి చూరు కింద తలదాచుకుని, ఉడకేసిన చేమదుంపలు పెట్టి పడుకోబెట్టేది. ఆ ముగ్గురిలో చిన్నది "అమ్మా, అన్నం ఎలా ఉంటదే?" అని అడిగిందంట ఒకనాడు. మరిచిపోయిందమ్మా, అన్నం ఎలా ఉంటదో మరిచిపోయింది. అలాంటి రోజుల్లో ఏమైందంటే, కింది లంక దివాణంలో మంత్రసాని కావాలని దండోరా వేశారు. ఇంట్లోనే ఉండాలి, ఉండడానికి గది ఇస్తారు, ఏడాది పొడుగునా గింజలు, పిల్లలుంటే పాలు.

ఆ వదిన పేరు మంగాయి. మొగుడికి అక్క. మంచిదే పాపం, నోరే కాస్త పెద్దది. "ఒసే పేరిందేవీ, నువ్వు ఇలాగే బిక్కమొహం వేసుకుని వెళ్తే గేటు దగ్గరే గంజి పోసి పంపించేస్తారు. పెద్దోళ్ళిల్లు. మనిషిని చూడగానే అబ్బో అనిపించాలి" అని, తన పెళ్ళినాటి చిలకపచ్చ చీర తీసి కట్టింది. గాజులమ్మేవాణ్ణి పిలిచి, బిగుతుగా ఉంటేనే నిండుగా ఉంటాయని, కుంకుడు నురగ రాసి రాసి, చేతికి రెండేసి డజన్లు ఎక్కించింది. ఎక్కినవి మళ్ళీ దిగవు, అంత బిగుతు. ఆపైన నాలుగు ముక్కలు బట్టీ పట్టించింది. "మా అమ్మ మంత్రసాని, అమ్మమ్మ మంత్రసాని, నా చేతిమీద నూటపదహారు పురుళ్ళు పోశాను, ఒక్క బిడ్డా ఏడవకుండా పుట్టలేదు" అని గట్టిగా చెప్పాలంట. ఎవరికి చెప్పుకోవాలి? ఎదురుగా గేదె ఉంది, దానికి చెప్పమంది. ఈవిడ సగం చెప్పేసరికి అది లేచి వెళ్ళిపోయింది. "చూశావా, నీ మాట గేదెకే ఆనలేదు. గొంతు పెంచు, చేతులు తిప్పు, గాజులు గలగలమనాలి" అందంట మంగాయి. సరేనని పిల్లల్ని వదినకి అప్పజెప్పి, గోదారి తల్లికి దణ్ణం పెట్టుకుని, పడవెక్కింది.

ఇప్పుడు ఆ దివాణం సంగతి చెప్తాను వినండి. పడవ దిగి నడుస్తుంటే అంతా మెత్తగా ఉందంట. ఎలా మెత్తగా అంటే, దూదిలో నడుస్తున్నట్టు. కాకి అరవదు, కుక్క మొరగదు. పాలేరు గడ్డి కోస్తుంటే కొడవలి చప్పుడు లేదు. పొగమంచు ఒకటి, ఏ వేళప్పుడూ పోనిది, ఇంటిని ముసుగేసి పడుకోబెట్టినట్టు ఉందంట. వీధి తలుపు దగ్గర కాపలా పోలినాయుడు ఉన్నాడు, అతగాడు మాట్లాడితే గుసగుస. అప్పటికే ముగ్గురు మంత్రసానులొచ్చి అరుగుమీద కూర్చున్నారు. ఒకావిడకి కాళ్ళకి వెండి కడియాలు, ఒకావిడకి మెళ్ళో మువ్వల పేరు, ఇంకొకావిడకి ఏమీ లేవుగానీ గొంతు ఉంది. ఆ గొంతావిడ "ఏం నాయనా, కంఠం పట్టేసిందా? మిరియాలూ బెల్లమూ కలిపి తాగు!" అని అరిచింది. పోలినాయుడు రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టాడు, చల్లగా ఉండమ్మా, ఊరుకో అన్నట్టు. ఆవిడ తన గొప్ప చూసి పెట్టాడనుకుని మురిసిపోయింది.

మరి వాళ్ళకేం తెలుసు? లోపల చిన్న దొరసానికి ఎనిమిదో నెల. ఏడు రోజులై ఆ తల్లికి నిద్ర లేదు. రెండుసార్లు కడుపు పోయిన పిల్ల, ఈసారీ పోతుందేమోనని భయం పట్టుకుంది. రెప్ప వాలిందా, ఆకు కదిలినా ఉలిక్కిపడి లేచేది. తల్లి నిద్రపోకపోతే లోపలి బిడ్డ ఎదగదు అన్నాడు వైద్యుడు. ఈ మాట బయటికి పొక్కితే కోడలికి ఏదో పట్టిందంటారని దివాణం వాళ్ళు దాచిపెట్టారు. అందుకని వచ్చినవాళ్ళు వచ్చినట్టే గలగలమంటూ లోపలికి వెళ్ళారు. కడియాలావిడ నాలుగడుగులు వేసింది, లోపల పిల్ల కెవ్వుమంది. మువ్వలావిడ వంగి దణ్ణం పెట్టింది, మళ్ళీ కెవ్వు. గొంతావిడైతే గడపలోనే తన గొప్ప మొదలెట్టింది, ఇంక చెప్పేదేముంది. ముగ్గుర్నీ మళ్ళీ అరుగుమీదికే పంపేశారు.

పేరిందేవి అరుగుమీద కూర్చుని చూస్తోంది. కొట్టంలో ఆవు తల ఊపింది, మెళ్ళో గంట ఉంది, మోగలేదు. పరకాయించి చూస్తే గంట నాలిక్కి గుడ్డ చుట్టి ఉందంట. పంజరం వేలాడుతోంది, చిలక లేదు. బావి గిలక్కి కొబ్బరిపీచు కట్టారు. అప్పుడు తెలిసింది ఆ మనిషికి. తన చేతులు చూసుకుంది. నాలుగు డజన్లు! లాగింది, రావు. చిట్లగొడదామా? మొగుడు ఏ వరదనీటి మీద ఉన్నాడో, సుమంగళి తన చేత్తో తను చిట్లగొట్టుకుంటుందా తల్లీ? లోపలి పిల్ల ఏడుపు వినపడుతోంది, సన్నగా, నూతిలోంచి వస్తున్నట్టు. "వదినా, నన్ను తిట్టుకో" అని మనసులో అనుకుని, ఆ చిలకపచ్చ పెళ్ళిచీర కొంగు పట్టుకుని నిలువునా చింపింది. పీలికలు చేసి, ఒక్కో గాజు మధ్యనుంచి పోనిచ్చి మణికట్టునుంచి మోచేతిదాకా చుట్టేసింది. "అయ్యో, ఇదేంటే, చేతులు కాలినట్టు! ఇలా వెళ్తే ఎవరు పెట్టుకుంటారే పనిలో?" అని కడియాలావిడ నవ్వింది. పేరిందేవి మడమ నేలకి ఆనించకుండా, నీళ్ళలో కొంగ నడిచినట్టు లోపలికి వెళ్ళింది.

లోపల దివానుగారు అడగాల్సినవన్నీ తాటాకు మీద రాసుకుని కూర్చున్నారు. పక్కన పెద్ద దొరసాని. మంచం మీద ఆ పిల్ల, కళ్ళు రెండూ దీపాల్లా తెరుచుకుని. దివానుగారు "నీ సంగతి చెప్పు" అన్నట్టు చెయ్యి ఊపారు. పేరిందేవి నోరు తెరిచింది. తెరిచి, ఆ పిల్ల రెప్పలు అదురుతుండడం చూసి, మూసేసింది. మూసి ఏం చేసిందనుకున్నారు? దివానుగారి వైపు తిరిగి పెదాలమీద వేలు పెట్టింది! దివానుగారికమ్మా! ఆయన తాటాకు ఒళ్ళో పెట్టేసుకున్నారు. ఈవిడ మంచం పట్టెమీద కూర్చుని ఆ పిల్ల తల తన ఒళ్ళోకి తీసుకుంది. ఆ పిల్ల ఊపిరి ఎలా ఆడుతోందో తనూ అలాగే పీల్చింది. పీలుస్తూ పీలుస్తూ, కొంచెం కొంచెం నెమ్మదించింది. ఆ ఊపిరీ ఈ ఊపిరి వెంట నెమ్మదించింది. కిటికీలోంచి గోదారి వెలుగు పడి పైకప్పు మీద అలలాడుతోందంట. కట్టుతాడు వదులైన పడవ నీటితో పాటు జారినట్టు ఆ పిల్ల జారింది, జారింది, అలా నిద్రలోకి వెళ్ళిపోయింది.

ఏడు రోజుల నిద్ర కదమ్మా, ఒక్క మనిషిలో ఇమిడేది కాదు. మంచం మీంచి పొర్లి గదంతా నిండిందంట. దివానుగారి తల వాలింది. గడపలో పోలినాయుడు కర్ర పట్టుకునే నిద్రపోయాడు. కొట్టంలో ఆవులు ఒక్కొక్కటే మోకాళ్ళు మడిచాయి. అరుగుమీద గొంతావిడ నోరు తెరిచినది తెరిచినట్టే, మాట సగంలో. పొగమంచు కూడా గోదారి మీద వాలి పడుకుంది. మెలకువగా ఉన్నది ఇద్దరే, పేరిందేవీ పెద్ద దొరసానీ. పెద్ద దొరసాని కళ్ళు తుడుచుకుని, దగ్గరికొచ్చి, చేత్తో నేలమీంచి ఎత్తు చూపించింది. పిల్లలున్నారా అని. పేరిందేవి ఒక చెయ్యి మెల్లగా తీసి మూడు వేళ్ళు చూపింది. ఇంతది, ఇంతది, ఇంకా ఇంత చిన్నది అని ఎత్తులు చూపింది. పెద్ద దొరసాని తలూపి, ఈవిణ్ణి తెచ్చిన పడవవాణ్ణి వెతుక్కుంటూ రేవుకి వెళ్ళింది.

దీపాలు పెట్టే వేళకి గుమ్మంలో నీడలు కదిలాయి. చూస్తే ముగ్గురు పిల్లలు, మునివేళ్ళ మీద నడుస్తూ. వాళ్ళ వెనక వంటామె, మూడాకుల్లో వేడి వేడి అన్నం. చిన్నది ఒక ముద్ద నోట్లో పెట్టుకుని తల్లి వైపు చూసింది. తల్లి పెదాలమీద వేలు పెట్టింది. అది చప్పుడు చెయ్యకుండా నమిలి నమిలి మింగిందంట.

మర్నాడు చిన్న దొరసాని లేచి ఆకలన్నది. నెలలు నిండాక ఊరంతా వినపడేలా ఏడుస్తూ మగపిల్లాడు పుట్టాడు. తెప్పలతో పాటు పేరిందేవి మొగుడూ చల్లగా తిరిగొచ్చాడు. అంతా ఆ గోదారి తల్లి దయ. మా అమ్మమ్మకి అమ్మమ్మే ఆ పేరిందేవి. ఐదు తరాలు ఆ దివాణంలోనే పురుళ్ళు పోశాం. అయితే ఒకటి, నిన్ను పనిలో పెట్టుకున్నామని ఆ రోజు ఎవరూ నోరు తెరిచి చెప్పలేదు కదా, ఆ తర్వాతా చెప్పలేదు. మేమూ అడగలేదు. అడిగితే ఎవరికి మెలకువొస్తుందో ఏమో!