ప్రదక్షిణకని బయల్దేరి కొండ దాటేశాను

"అమ్మమ్మా, కొలరాడోలో నువ్వు ఒక్కదానివే పెద్ద పీక్ ఎక్కేశావంట కదా? చీరలో? అమ్మ చెప్పింది."

ఓలమ్మో, మీ అమ్మకి చెప్పడానికి ఇంకేం దొరకలేదేటే? నేను ఎక్కుదామని వెళ్లానేటి తల్లీ, చుట్టూ తిరుగుదామని వెళ్లాను. ఎక్కడం మధ్యలో అడ్డొచ్చింది, అంతే. ఆ ఫోన్ కాస్త దూరంగా పెట్టు, మొహం మీద పెడితే నాకు మాట రాదు.

అప్పటికి నీకు మూడేళ్లు దాటాయి. మాట లేదు. చెవులు బాగున్నాయి, పిలిస్తే చూసేదానివి, నవ్వేదానివి, నోట్లోంచి మాత్రం ఒక్క ముక్క ఊడిపడేది కాదు. డాక్టరమ్మ వెయిట్ చేద్దాం అనేది. మీ అమ్మ బాత్రూంలో కుళాయి తిప్పుకుని ఏడ్చేది, నాకు వినపడదనుకుని. నేను సింహాద్రి అప్పన్నకి మొక్కేసుకున్నాను. ఆషాఢ పౌర్ణమికి నీ కొండ చుట్టూ తిరుగుతాను స్వామీ, పిల్లకి మాటియ్యి అని. మొక్కాను గానీ వెళ్లడమెలాగ? నా గ్రీన్‌కార్డ్ పేపర్లు పెండింగ్‌లో ఉన్నాయి, దేశం దాటకూడదన్నాడు మీ నాన్న. పేపర్లొచ్చేదాకా మొక్కు ఆగుతుందేటి?

మా అమ్మ ఏటా తిరిగేది సింహాచలం చుట్టూ. కొండ కింద తొలిమెట్టు దగ్గర కొబ్బరికాయ కొట్టి బయల్దేరేది. అప్పుడు కాయ అర్ధరూపాయి, కొడితే గిన్నెడు నీళ్లు. ఇక్కడ స్టోర్‌లో కొన్న కాయ కొడితే సగం కుళ్లే... ఏటి చెప్తున్నాను? ఆఁ, పౌర్ణమి.

ఆ ఏడు పౌర్ణమి మన కొలరాడో ట్రిప్‌లో పడింది. హోటల్ కిటికీ తీస్తే ఎదురుగా కొండ, నెత్తి మీద మంచు, నామం దిద్దినట్టు. ఏ కొండైతేనేం, ఆయనదే కదా అనుకున్నాను. కింద లాబీలో మ్యాప్ ఉంది, అందులో కొండ మీద చుక్కల గీత. ఇక్కడ కూడా ప్రదక్షిణకి దారి వేశారే, మంచి దేశం అనుకున్నాను. పొద్దున్నే మీ నాన్నకి మెసేజ్ పెట్టాను, 'బాబూ, కొండ చుట్టి టిఫిన్‌కి వచ్చేస్తాను' అని.

ఉత్త కాళ్లతో తిరగాలి గానీ, ఆ చలికి వేళ్లు కొంకర్లు పోతున్నాయి. మీ నాన్న రబ్బరు చెప్పులేసుకున్నాను. తోలు కాదు కదా, దోషం లేదు. చీర మీద ఆయన ఆఫీసువాళ్లిచ్చిన హుడీ.

కొండని కుడిచేతి వైపు పెట్టుకుని నడిచాను. చెట్లు, వాగు, అంతా బాగుంది. తర్వాత చెట్లయిపోయాయి. దారి పైకి పోతుంది, ఇంకా పైకి. రెండు శిఖరాల మధ్య పల్లం ఒకటుంటే, అక్కడికొచ్చేసరికి దారీ అయిపోయింది. ముందుకి అడుగేస్తే లోయ. కుడివైపు శిఖరం దాకా రాళ్లే. వెనక్కొచ్చేయచ్చు కదా అంటావు. ప్రదక్షిణలో వెనక్కి తిరక్కూడదు తల్లీ. తిరిగితే నీకు రావలసిన మాట కూడా తిరిగి వెళ్లిపోతుందేమోనని భయం. గోచీ బిగించేసి రాళ్లు పట్టుకున్నాను.

ఇంక చేతులూ కాళ్లూ కలిపి పాకడమే. పైన గట్టు ప్రహరీగోడంత వెడల్పు, రెండు వైపులా లోయలు. కొండ కుడివైపుండాలి కదా, కాళ్ల కిందుందే! స్వామి నెత్తిన కాలు పెట్టానే అని చెంపలేసుకుందామంటే, చెయ్యి వదిలితే పడిపోతాను. మనసులోనే వేసుకున్నాను.

ఆ గట్టు మీద గడ్డపాయన ఒకాయన, హెల్మెట్టూ తాళ్లూ అన్నీ ఉన్నాయి, రాతిని కావలించుకుని కూర్చున్నాడు. ముందుకీ పోడు, వెనక్కీ రాడు. నన్ను చూసి "మేడమ్, సోలో?" అన్నాడు. "నో, ప్రదక్షిణ" అన్నాను. పాపం, తలూపాడు. కిందకి చూడకు నాయనా, గోవిందా అనుకుంటూ రా అని చేత్తో చూపించాను. "గోవిండా" అన్నాడు. అడుగు కదిలింది! ఇంక రాయికొక గోవిండా, నా వెనకాలే వచ్చేశాడు.

శిఖరం మీద గున్నేనుగంత బండ. కొండ చుట్టూ ఎలాగూ అవలేదు, దీని చుట్టూ అయినా తిరుగుదామని మొదలెట్టాను. గడ్డపాయన కూడా తిరిగాడు. ఫోటోల కోసం నిల్చున్న వాళ్లు చూశారు. పైకొచ్చినవాళ్లు ఇలా తిరగాలి కాబోలు అనుకున్నారో ఏటో, అందరూ తిరిగేశారమ్మా! నైవేద్యం పెడదామని అరటిపండు తీస్తే, పందికొక్కులా బొద్దుగా ఉన్నది ఒకటొచ్చి తొక్కతో సహా తినేసింది. సరే, స్వామి స్వీకరించారనుకున్నాను.

వెనక్కి రాకూడదు కదా, అవతలి వైపు దిగాను. అక్కడ ఫోన్ మోగింది. మీ నాన్న. "అత్తయ్యగారూ, టిఫిన్ అన్నారు! ఎక్కడున్నారండీ?" "కొండ అవతల, బాబూ. కాస్త కారు తీసుకుని ఇటు రండి."

కిందకంటా వచ్చేసరికి కాళ్లలో సత్తువ లేదు. చివర్లో కరక్కుండా మిగిలిన మంచు, వాలుగా, పార్కింగ్ లాట్ దాకా. మీ కారు కనపడింది. గోవిందా అని కూర్చున్నాను, సర్రున జారి మీ నాన్న బూట్ల దగ్గర ఆగాను. మీ అమ్మ ఒకటే అరుపు, "నీకు బుద్ధుందా అమ్మా? మేం ఏమైపోవాలి?" అని.

అప్పుడు కారు దగ్గర్నుంచి, "అగైన్!"

"ఎవరన్నారు?" అన్నాడు మీ నాన్న. ఎవరంటాడేమిటి, నువ్వే. నా వైపు చెయ్యి చాపి, కోపంగా, ఎప్పట్నుంచో మాట్లాడుతున్నదానిలా, "అగైన్!"

తెలుగు కాకపోతేనేం, మాట మాటే కదా. పొద్దున్నుంచీ వెనక్కి తిరక్కూడదని కొండ దాటినదాన్ని, గిర్రున తిరిగి ఆ మంచు ఎక్కాను. జారాను. నువ్వు మళ్లీ అన్నావు. నేను మళ్లీ ఎక్కాను. చీర వెనక పీలికలైపోయింది. మీ నాన్న "చాలండీ అత్తయ్యగారూ, పడిపోతారు" అంటాడు. అప్పటిదాకా తిట్టిన మీ అమ్మ, కళ్లు తుడుచుకుంటూ, "ఇంకొక్కసారమ్మా, ప్లీజ్" అంటుంది.

చాలు, నవ్వింది చాలు. నీ నోటికి మాట కరువు రాకూడదు తల్లీ, నీ మాట వినేవాళ్లకీ కరువు రాకూడదు. చల్లగా ఉండు. ఏదీ, చెయ్యందియ్యి, దీపం పెట్టే వేళయింది... ఈ మోకాళ్లొకటీ...