స్టీరింగ్ చెప్పే కబురు

“తాళం ఇటివ్వు బామ్మర్దీ. కాలికి ఆ కట్టు విప్పేదాకా నువ్వెలాగూ నడపలేవు. రేపు అత్తయ్యని కంటి ఆపరేషన్‌కి తీసుకెళ్ళాలంటే ఆ కొండ మలుపుల్లో నాలాంటివాడి చెయ్యి ఉండాలి,” అన్నాడు బావ, టీ కొట్టు బల్ల మీదున్న కారు తాళం వైపు చూస్తూ. ఆపైన టీ తాగుతున్నవాళ్ళ వైపు తిరిగాడు.

“కారు చక్రాల వంకర సరిచేసే అలైన్‌మెంట్ షాపులో జుట్టు నెరిసినవాణ్ణి, వినండి. మలుపు తిరిగాక స్టీరింగ్ వదిలేస్తే దానంతటదే మధ్యకెందుకొస్తుంది? సామాన్ల ట్రాలీ చక్రం చూశారుగా, ఎటు తోసినా వెనకబడి తిన్నగా వచ్చేస్తుంది. కారు ముందు చక్రాన్నీ అలా వెనకబడేట్టే బిగిస్తారు. ఇక మలుపులో టైరు రోడ్డుని పట్టుకుని ఒకటే లాగుడు. ఆ లాగుడే మన చేతికి బరువుగా తెలుస్తుంది.”

“అమ్మో, అంత కథుందా?” అంది టీ కొట్టావిడ, గ్లాసు కడగడం ఆపేసి.

“అసలు కథ ఇప్పుడే మొదలు. ఓసారి వానలో అదే కొండ దిగుతున్నా. మలుపులో బరువుగా ఉన్న స్టీరింగ్ ఉన్నట్టుండి తేలికైపోయింది. మీరైతే హాయిగా ఉందనుకుంటారు, నాకు గుండె జారిపోయింది. పట్టు తప్పబోతున్నానని టైరు ముందే చెప్పే కబురది. యాక్సిలరేటర్ మీంచి కాలు మెల్లగా తీసి, స్టీరింగ్ తిప్పింది కాస్త తగ్గించా. బరువు మళ్ళీ చేతికొచ్చింది, బతికిపోయాం. నోరులేని రబ్బరు, మనిషిని పిలిచి చెప్పడమేంటండీ, తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది.”

టీ తాగేవాళ్ళంతా దగ్గరికి జరిగారు. బావకి ఉత్సాహం ఆగలేదు.

“ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఆ భాష నా చేతికి పట్టుబడిపోయింది. టైరు కింద నాణెం పడితే బొమ్మో బొరుసో చెప్పేవాణ్ణి. ఓసారి చీమల బారు అడ్డమొస్తే, ముందున్న చీమ మీసం తగిలీ తగలగానే బ్రేకేశా. ఆఖరికి భూమి తిరగడం కూడా తెలిసిపోయేది. అది కాస్త ఎడమకి లాగుతోంది, దానికీ అలైన్‌మెంట్ చేయించాలి.”

బామ్మర్ది తాళం తీసి జేబులో వేసుకున్నాడు.

“మరి మొన్న గేట్లోంచి కారు తీస్తూ నా కాలి మీంచి పోనిచ్చావే, అప్పుడు స్టీరింగ్ ఏమీ చెప్పలేదా బావా?”

బావ తడుముకోలేదు. “అది వెనక చక్రం రా. వెనక చక్రం స్టీరింగ్‌కి కబురు పెట్టదు.”

“ముందుది ఎక్కాకే కదా వెనకది ఎక్కింది. రేపు అక్క నడుపుతుందిలే. నువ్వు వెనక సీట్లో అమ్మ చెయ్యి పట్టుకుని కూర్చో.”