హిల్డా ఇంటికి ఇరవై ఆరు దుప్పట్లు

"హెడ్లీ! ఏయ్ హెడ్లీ! ఆ చేతులు కాస్త కిందికి దించి మాట్లాడవయ్యా, పొద్దుట్నుంచీ రెండు కప్పులు బద్దలయ్యాయి!" కౌంటరు వెనకనుంచి బ్రెండా కేకేసింది.

హెడ్లీ వింటేగా! డెబ్బయ్యేళ్ళ మనిషి, నలభై ఏళ్ళు ఊళ్ళో ఇళ్ళని వెచ్చబెట్టే బాయిలర్లూ రేడియేటర్లూ బిగించి రిటైరైన మనిషి, మాట ఎత్తుకున్నాడంటే చేతులు గాలిమరల్లా తిరగాల్సిందే. సంతలో చేపల కొట్టుకీ ఊలు కొట్టుకీ మధ్య బ్రెండా టీ కొట్టు. బయట యార్క్‌షైర్ జనవరి మంచు. లోపల అద్దాలన్నీ ఆవిరి.

మూల బల్ల దగ్గర ఎఫీ కూర్చుని ఉంది. కాళ్ళ దగ్గర పెద్ద నల్ల పెట్టె. అందులో తాత ఊదిన ఇత్తడి బూర ఉంది. ఇప్పుడు దాన్ని ఎఫీ ఊదుతుంది, ఆదివారం బ్యాండులో. పన్నెండింటికి ఒకాయన వచ్చి దాన్ని కొనుక్కుపోతాడు. ఆ డబ్బు బాయిలర్ కంపెనీకి బయానా కట్టాలి. న్యుమోనియా చేసి ఆస్పత్రిలో ఉన్న అమ్మమ్మ హిల్డా శుక్రవారం ఇంటికొస్తోంది. పడుకునే గది వెచ్చగా ఉండి తీరాలన్నాడు డాక్టరు. కింద ఉన్నది వంటిల్లూ, మంచం పట్టని ముందుగదీ. మేడమీద గదులేమో ఎఫీ పుట్టకముందునుంచీ చలిగుహలే. కంపెనీ మనిషి వచ్చి, చూసి, గొట్టాలన్నీ మార్చాల్సిందే, ఆరువేల ఎనిమిది వందల పౌండ్లు అన్నాడు.

అది న్యాయమైన రేటేనా అని హెడ్లీని అడుగుదామనే ఎఫీ వచ్చింది. ఆయన ఆగితే కదా అడగడానికి! అయినా ఆయన మాట వింటుంటే ఎఫీకి ఆగమనాలనే అనిపించదు. ఊళ్ళో ఎందరున్నా, ప్రతి క్రిస్మస్‌కీ అమ్మమ్మ గుమ్మంలో ఒక ఉన్ని దుప్పటి పెట్టి, తలుపు తట్టి, లోపలికి రాకుండా వెళ్ళిపోయే మనిషి ఈయనొక్కడే. సముద్రాలు దాటొచ్చిన ఓడ కెప్టెన్‌ని చూసినట్టు చూస్తుంది ఎఫీ ఆయన్ని.

"రేటు కట్టడమంటే లెక్కలు కాదయ్యా క్లిఫ్, అది ఊపిరి," అంటున్నాడు హెడ్లీ, చేపల క్లిఫ్ భుజం మీద ఒకటి చరిచి. "పనివాడు బాయిలర్ ముందు నిలబడి పళ్ళ సందున గాలి పీలుస్తాడు చూశావూ, ఇస్స్‌స్ అని? ఎంత పొడుగు పీలిస్తే అంత రేటు. అది చంటిపిల్లకి కూడా తెలుసు. కాకపోతే అందరివీ దొంగ పీల్పులు. నేను పీల్చానంటే పెన్నీ తేడా రాదు. పాస్టరుగారి బాయిలర్‌కి ఎవడో తొమ్మిది వందలన్నాట్ట. నేను గుమ్మంలోనే నిలబడి, టోపీ అయినా తియ్యకుండా, చిన్నగా 'ఇస్' అన్నా. నలభై పౌండ్లు! పంపులో చిన్న ముక్క, అంతే. మొత్తం ముప్పై తొమ్మిది పౌండ్ల తొంభై పెన్నీలయింది. మిగిలిన పది పెన్నీలూ చర్చి డబ్బాలో వేసొచ్చా."

"ఇంతవరకూ నమ్మొచ్చు," అన్నాడు క్లిఫ్.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఆ సంగతి విని ఊలు మిల్లు యజమాని కబురంపాడు. పద్దెనిమిది గదుల ఇల్లు. నడి హాల్లో నిలబడి పీల్చడం మొదలెట్టా. ముందు కర్టెన్లు నావైపు వంగాయి, తర్వాత పేపరొచ్చి మొహానికి అతుక్కుంది, యజమాని విగ్గు లేచింది, సోఫామీద పిల్లి గోళ్ళు దిగేసి వేలాడింది పాపం..."

"పిల్లిది ఏం రంగు?" బ్రెండా బల్ల తుడుస్తూ అడిగింది.

"పీల్చకముందు నలుపు. ఆ తర్వాత చెప్పలేను, బొచ్చంతా నా నోట్లో ఉంది."

కొట్టంతా గొల్లుమంది. ఎఫీ కూడా నవ్వింది. పన్నెండు కొట్టడానికి ఇంకా ఇరవై నిమిషాలుంది.

"అదొక లెక్కా! దొరగారి కోట సంగతి చెప్పనీ. నూట పన్నెండు గదులు. మంగళవారం పొద్దున్న పీల్చడం మొదలెడితే గురువారం టీ వేళకి గానీ ఆగలేదు. మధ్యలో రెండు శాండ్‌విచ్‌లు కూడా తిన్నా."

"పీలుస్తూనే?" అన్నాడు క్లిఫ్.

"ముక్కుతో పీల్చా, నోటితో తిన్నా, అడ్డురాకు. ఆ మూడు రోజులూ లోయలో గాలన్నది లేక ఏ ఇంట్లోనూ ఉతికిన బట్టలు ఆరలేదు. మీ అమ్మనడుగు, చెబుతుంది. చెరువులో తెరచాప పడవలు వెనక్కి నడిచాయి. చివరికి నేను చెప్పిన రేటుకి దొరగారు మూర్ఛపోయారు. లేచాక లెక్క చూసుకుంటే పెన్నీ తేడా లేదు!"

"ఆయన మూర్ఛపోవడానికి రేటెందుకు, నీ టీ బాకీ చూపిస్తే చాలదూ," అంది బ్రెండా.

హెడ్లీ ఆ మాటని ఈగని తోలినట్టు తోలేశాడు. లేచి నిలబడ్డాడు. కళ్ళు మెరుస్తున్నాయి.

"కోట ఒక ఎత్తు, డైయర్స్ వీధి ఒక ఎత్తు. ఒకే వేసవిలో పదకొండు ఇళ్ళకి పదకొండు బాయిలర్లూ నేనే బిగించా. ఆ వెచ్చదనం ఏమని చెప్పను! మంచు ఆ వీధిమీద పడబోయి, సగం దారిలో వానై, కప్పులు తాకేలోపు ఆవిరై, వచ్చినదారినే పైకి పోయేది. చలికాలం ఆఫ్రికా పోవాల్సిన పిట్టలు ఎందుకొచ్చిన దండగ ప్రయాణమని ఆ కప్పులమీదే కాపురాలు పెట్టేశాయి. పిండి కలిపి కిటికీలో పెడితే పావుగంటకి రొట్టె. ఆడవాళ్ళంతా కూడబలుక్కుని, మాకింక వీటితో పనిలేదని, దుప్పట్లన్నీ మూటగట్టి స్కాట్లండుకి పంపేశారు!"

డైయర్స్ వీధి అంటే ఎఫీ వాళ్ళ వీధే. ఒక్క క్షణం ఆ పిట్టలు తన కిటికీ బయట కువకువలాడినట్టే అనిపించింది ఆమెకి. ఆ వెంటనే తన గది గుర్తొచ్చింది. పడుకుంటే నోట్లోంచి పొగ. మంచం పక్కన గ్లాసులో నీళ్ళమీద పొద్దుటికి పలచటి మంచుపొర. అమ్మమ్మ ఒంటిమీద దుప్పటి, దానిమీద దుప్పటి, ఆ పైన ఇంకో దుప్పటి. ఎగతాళి చెయ్యాలని కాదు, మనసులో మాట పైకి వచ్చేసిందంతే.

"మరి మా అమ్మమ్మకి ఏటేటా దుప్పటి ఎందుకిస్తారు హెడ్లీగారూ?"

హెడ్లీ చేతులు గాల్లోనే ఆగిపోయాయి.

"అవునే!" క్లిఫ్ అందుకున్నాడు. "పిట్టలు కాపురం పెట్టిన వీధిలో దుప్పటెందుకోయ్? ఎన్నేళ్ళబట్టీ?"

"ఇరవై ఆరు. అమ్మమ్మ అన్నీ దాచింది," అంది ఎఫీ. "మీరంటే తనకి ఎంత గౌరవమో! మేడమీద ఎంత చలేసినా, 'హెడ్లీ బిగించాడు, తప్పు వాడిది కాదు, ఈ రాతి ఇంటిదే' అంటుంది."

హెడ్లీ నెమ్మదిగా కూర్చున్నాడు. "పిట్టలు..." అన్నాడు. అంతలో తలుపు తోసుకుని, భుజాలమీద మంచు దులుపుకుంటూ తోలు టోపీ ఆయనొకడు లోపలికొచ్చాడు.

"ఇత్తడి బూర అమ్ముతామన్నది ఇక్కడేనా?"

ఎఫీ లేచి పెట్టె పిడి పట్టుకుంది. అప్పుడు చూశాడు హెడ్లీ ఆ పెట్టెని. దానిమీద తెల్లరంగుతో రాసిన తాత పేరు చూశాడు.

"అమ్మడమేంటి తల్లీ? ఎందుకు?"

ఎఫీ చెప్పింది. శుక్రవారం సంగతీ, డాక్టరు మాటా, ఆరువేల ఎనిమిది వందలూ. చెప్పి, వచ్చిన పని అప్పుడు అడిగింది. "అది సరైన రేటేనా? మీరొక్కసారి పీల్చి చెప్పండి. మీరు చెబితే నమ్ముతాను."

కొట్టంతా ఎదురుచూసింది. హెడ్లీ పెదాలు అలవాటుగా సాగాయి, పళ్ళు కనపడ్డాయి. గాలి మాత్రం లోపలికి పోలేదు. టోపీ తీసి బల్లమీద పెట్టాడు. ఆయన టోపీ తియ్యడం బ్రెండా ఎన్నడూ చూడలేదు.

"పెట్టె మూసెయ్ తల్లీ. బాబూ, నువ్వెళ్ళిరా, బూర అమ్మడంలేదు."

"మరి బయానా..." అంది ఎఫీ.

"దీనికి బయానా లేదు, రేటూ లేదు. ఒక్క పెన్నీ కూడా అవదు. మేడ మెట్లెక్కగానే ఎడంపక్క, తివాచీ లేపి మూడో చెక్క ఊడదీస్తే కింద ఇత్తడి వాల్వు ఉంటుంది. పై గదులకి వేణ్ణీళ్ళు దాన్లోంచే పోవాలి. పని చేస్తున్నప్పుడు మూశాను. తెరవడం మర్చిపోయి చెక్కలు కొట్టేశా. గుర్తొచ్చేసరికి పైన తివాచీ పరిచేశారు. మీ అమ్మమ్మ కేకు కోసి పెట్టింది. మీ తాత ఇదే బూర తెచ్చి, వీధంతా వినేట్టు నాకోసం ఊదాడు. వారం పోయాక హిల్డా వచ్చి, పైన కాస్త చల్లగా ఉంది హెడ్లీ అంటే, రాతి ఇల్లు కదా, పైన అంతే మరి అన్నాను."

బ్రెండా గుడ్డ పట్టుకుని అలాగే నిలబడిపోయింది. హెడ్లీ ఎఫీ మొహంలోకి చూశాడు.

"రాతి ఇంటి తప్పు కాదమ్మా. మీ ఇంటికి రావాల్సిన వేడిని ఇరవై ఆరేళ్ళు మూసిపెట్టింది నేనే."